గోదావరి పేరులో ఒక అక్షరం

సోమవారం పొద్దున తొమ్మిదికల్లా మారేడ్‌పల్లిలోని ఆ పటాల ఆఫీసులో ఎనిమిది కంప్యూటర్లూ ఒకే పాట ఎత్తుకున్నాయి: డేటాబేస్ దొరకడం లేదు. తెర మీద ఊరి వీధులు, నీళ్ల గొట్టాల గీతలు వచ్చాయి. ఏ గొట్టం ఎంత లావు, ఎప్పుడు వేశారు అంటే మాత్రం ఒక్క వివరమూ రాలేదు. బొమ్మ ఉంది, ప్రాణం లేదు. సాయంత్రానికల్లా ఆ పటాలు బయటి దేశపు కంపెనీకి పంపాలి.

"శనివారం ఆఖరికి కూసున్నదెవరు?" అన్నాడు మేనేజరు రాఘవేందర్.

"నేనే సార్," అంది భవాని. మల్కాజ్‌గిరి నుంచి బస్సులో వచ్చి వివరాలు ఎక్కించే పిల్ల. చేరి మూడు నెలలే.

"ఏం జేసినవమ్మా? అంతా సాఫ్ చేసి పోయినవా ఏంది?"

"లేదు సార్, ఒట్టు. సేవ్ జేసి బంద్ జేసిన, అంతే."

కంప్యూటర్లన్నీ చూసుకునే ఇంజనీరు సన్యాసిరాజు, విజయనగరం వైపు మనిషి, మూల కూర్చుని పరీక్షలు చేస్తున్నాడు. తీగ పీకి పెట్టాడు. పాస్‌వర్డ్ చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి వివరాలుండే పెద్ద మెషీనును, అంటే సర్వర్‌ను, దాని నంబరుతో పిలిచాడు. వెంటనే పలికింది. పేరుతో పిలిచాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. పేరు మార్చింది తనే.

ఆ మెషీను పేరు గోదావరి. పటాలు మూడుసార్లు తప్పులతో తిరిగొచ్చేసరికి, అతను పద్మారావు నగర్‌లో పేరుబలం చూసే పెద్దమనిషి దగ్గరికి పోయాడు. తన పేరులో అక్షరం పెంచుకున్నాకే ఈ ఉద్యోగం దొరికిందని అతని నమ్మకం మరి. ఆయన ఇంగ్లీషులో ఇంకో 'ఏ' కలపమన్నాడు. ఆదివారం ఎవరూ లేనప్పుడు వచ్చి కలిపేశాడు. మన నోటికి అదీ గోదావరే, ఇదీ గోదావరే. పటాలు మాత్రం పాత పేరే రాసిపెట్టుకుని వెతుక్కుంటాయి. వాటికి ఒక్క అక్షరం తేడా వస్తే మనిషే వేరు. అంత చదివినవాడికి ఇది తెలియదా అంటే, తెలుసు. నమ్మకం ముందు చదువు గుర్తు రాలేదు.

"ఇంటికి పో. ఫోన్ జేస్తే రా, లేకుంటే లేదు," అంటున్నాడు రాఘవేందర్. భవాని కళ్లు తుడుచుకుంటూ టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగింది. సన్యాసిరాజు దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు.

ఆ 'ఏ' చెరిపి మెషీను మళ్లీ వేశాడు. ఎనిమిది తెరలూ నిండాయి.

"శభాష్ రాజూ! ఇంజనీర్ అంటే గిట్లుండాలె!" అంటూ రాఘవేందర్ వీపు తట్టాడు. ఒక్కొక్క తట్టుకీ సన్యాసిరాజు తల కిందికి దిగింది. ఇక ఉండలేక బస్టాపుకి పరుగెత్తాడు.

"భవానీ, పద. కనెక్షన్ వచ్చీసింది."

"నీ పుణ్యమన్నా. నా నౌకరి నిలబెట్టినవ్."

"పుణ్యం కాదమ్మా. అదంతా నానే చేసీసాను," అని దాచకుండా చెప్పాడు. సిగ్గుతో ఎన్నేళ్లుగానో అణచుకున్న ఊరి యాస నోట్లోకి వచ్చేసింది.

బస్సు వచ్చింది, పోయింది. ఆమె ఎక్కలేదు.

"నా ఒక్కదానికి చెప్తే ఏం ఫాయిదా అన్నా? నేను ఏడ్చింది అందరి ముంగట."

పైకి వెళ్లారు. గది మధ్యలో నిలబడి, పేరుబలం సంగతితో సహా అతను ఒప్పుకున్నాడు. వింటూనే పక్క సీటు సూరి కిసుక్కుమన్నాడు.

"సర్వర్‌కి బారసాలా గురూ! మరి భోజనాలేవీ?"

గదంతా నవ్వు. రాఘవేందర్ కూడా తల పట్టుకుని, "ఓరి నీ! సదువుకున్నోనివేనా?" అని నవ్వాడు. "పో అమ్మా, పని షురూ చెయ్," అని భవానితో అని తన గదిలోకి పోయాడు.

అంతే. ఆ నవ్వులో సన్యాసిరాజు తప్పు కొట్టుకుపోయింది. ఆ పిల్లతో మాత్రం ఎవరూ తప్పైందనలేదు. అది చూసి సన్యాసిరాజు ఆమె బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"నన్ను క్షమించమ్మా."

భవాని తలెత్తలేదు.

"జెర జరుగన్నా," అంది. "స్క్రీన్ కనబడ్తలే."