రెండు ఎనిమిదులు

పైపుల వ్యాపారంలో ఇరవై ఆరేళ్లున్నాను. చెప్పిన ధరకి ఏ సరుకూ కొన్నవాణ్ణి కాను. మొన్న కంప్యూటర్ల కొట్లోనూ అంతే చేశాను. ఆ బేరం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

మా మేనకోడలు ఫోన్లకి ప్రోగ్రాములు రాస్తుంది. ఒక కంపెనీవాళ్లు పని ఇచ్చి చూస్తున్నారు; సోమవారానికి నడిపి చూపిస్తే ఉద్యోగం. దాని పాత లాప్‌టాప్‌లో ఆ రాసే సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికే పూట గడిచిపోయేది. కాగితం మీద ఒక్క ముక్క రాసిచ్చింది: మెమరీ పదహారు జీబీ, తగ్గకూడదు. మిగతావి ఎలా ఉన్నా సర్దుకుంటానంది.

పదహారుది ఒకటి కొనే డబ్బుకి ఎనిమిదివి రెండొస్తాయన్నాడు కొట్టువాడు. రెండెనిమిదులు పదహారేగా, పైగా రెండు తెరలు. ఇంకాస్త బిగించి రెండు సంచులు కూడా లాగాను. వాడు నవ్వుతూ బిల్లు రాశాడు. నా గడుసుతనం చూసి నవ్వాడనుకున్నాను.

శనివారం పొద్దున మేనకోడలు పని మొదలుపెట్టగానే కొత్త లాప్‌టాప్ గుడ్లు తేలేసింది. రెండోది పక్కన పెట్టుకుని కలిపి నడుపుకోమన్నాను. అచ్చం మా అక్కలా చూసింది.

"మావయ్యా, అంగుళం పైపు అడిగినవాడికి అరంగుళంవి రెండు ఇస్తావా నువ్వు?"

ఇవ్వను. అలా అడిగిన మేస్త్రీలని నలుగురిలో నవ్వులపాలు చేసినవాణ్ణి. అదే మాట నాకే తగిలేసరికి కోపం రెట్టింపైంది.

రెండూ చంకన పెట్టుకుని కొట్టుకి పోయాను. దేనికి వాడతారో అడగొద్దా అని నిలదీశాను.

"మీరు అడగనిచ్చారా సార్? సంచుల దగ్గరే గంట తిన్నారు."

సీలు తీసినవి వెనక్కి తీసుకోడట. విడిగా మెమరీ వేయిద్దామంటే ఆ సరుకు బుధవారానికి గానీ రాదట. వాడి బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాను. నా చెయ్యే వాచింది.

ఇంటికొచ్చేసరికి మేనకోడలు సన్న స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుంది. ఒకదాని అడుగు మూత విప్పి చూపించింది. వేలెడు మెమరీ పలక, దాని పక్కనే ఖాళీ గాడి.

"రెండోదాన్లోది పీకి ఇందులో పెడతాను. అది ఇక లేవదు. గ్యారంటీ కూడా పోతుంది. పీకనా?"

కొత్త సరుకుని చేజేతులా పాడుచేసుకోవడం నా జన్మలో లేదు. పళ్లు కొరుక్కుంటూ పీకమన్నాను.

సోమవారం ప్రోగ్రాము ఆగకుండా నడిచింది. ఉద్యోగం దానిదైంది. చచ్చిన లాప్‌టాప్ నా గల్లాపెట్టె పక్కనే పడుంది. మెమరీ సరుకు ఈపాటికి వచ్చే ఉంటుంది, కానీ ఆ కొట్టు మెట్లెక్కను.

నిన్న ఒక మేస్త్రీ అరంగుళంవి రెండు చాలవా అన్నాడు. నేను నవ్వలేదు. ఏ ఇంటికి, ఎన్ని కుళాయిలకి అని అడిగాను. కసురుతూనే అడిగాను.