మెట్ల మీద కరిగిపోయే చార్జింగు

కొత్త కాపురంలో అందరూ ముందుగా ఏం కొనుక్కుంటారో గానీ, కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే ఆ అమ్మాయి మాత్రం ఒక చిన్న కరెంటు స్కూటరు కొనుక్కుంది. లేత ఆకుపచ్చ రంగు. హారను నొక్కితే జలుబు చేసిన బాతు అరిచినట్టు ఉంటుంది. ఆమెకు ఆ అరుపు కూడా ముద్దే.

రోజూ పొద్దున ఆమె నడుపుతుంటే వెనక భర్త కూర్చునేవాడు. ఆయన లెక్కల మాస్టారు. ఆమె కూడా ఆయన్ని మాస్టారూ అనే పిలుస్తుంది. పెళ్లికి ముందు ఫోన్లో మాటల సందర్భంలో, "స్కూటరా? కళ్లు మూసుకుని నడుపుతాను" అన్నాడాయన. తీరా బండి వచ్చాక, నీ బండి నువ్వే నడపాలంటూ తాళాలు ఆమె చేతిలో పెట్టి దర్జాగా వెనక్కి ఎక్కాడు. ఇంత మంచి మగవాడు ఎక్కడైనా ఉంటాడా అని ఆమె మురిసిపోయింది. కుడి అద్దాన్ని రోడ్డు కోసం ఉంచి, ఎడమ అద్దాన్ని మాత్రం ఆయన ముఖం కనబడేలా తిప్పుకుంది. గాలికి జుట్టు రేగి, కళ్లజోడు ముక్కు మీదికి జారి, ఏ మలుపు దగ్గరైనా కాస్త భయపడుతూ ఆ ముఖం ఎంత బాగుండేదో.

వాళ్లది రెండో అంతస్తు. కింద ప్లగ్గు లేదు. సాయంత్రం సీటు కింది నుంచి బ్యాటరీని ఊడదీసి, చెరో చెయ్యి వేసి, చంటిపిల్లను తెచ్చినంత జాగ్రత్తగా పైకి తెచ్చేవాళ్లు. చార్జరు మీద ఎర్రదీపం పచ్చబడే దాకా పక్కనే కూర్చుని కబుర్లాడుకునేవాళ్లు. ఒక్కోసారి అది పచ్చబడి ఎంతసేపయిందో ఇద్దరికీ తెలిసేది కాదు. తెల్లవారగానే, అంత బరువు నువ్వు మోయడమేంటని, మాస్టారే దాన్ని కిందికి తీసుకెళ్లి బిగించి చెమటలు కక్కుతూ పైకి వచ్చేవాడు. ఆమె కొంగుతో ఆ చెమట తుడిచి మరీ మురిసిపోయేది.

అంతా బాగానే ఉంది, బండి తప్ప. దీపం పచ్చబడ్డాకే తీసిన బ్యాటరీ, ఆమె కిందికి దిగి తాళం తిప్పేసరికి సగానికి సగం చార్జింగు గీతలు కోల్పోయి కనిపించేది. సాయంత్రం ఇంటి ముందు ఎత్తు రాగానే బండి ఉసూరుమని ఆగిపోయేది. ఇద్దరూ దిగి తోసుకుంటూ ఎక్కేవాళ్లు. షోరూము వాడికి చూపిస్తే తల గోక్కుని, నిలబెట్టిన బండిలో చార్జింగు ఇలా దిగదే, బ్యాటరీలోనే తేడా ఉన్నట్టుందన్నాడు. మళ్లీ అలాంటి బండి ఇప్పట్లో రాదు, అయినా వద్దనుకుంటే ఆదివారం చీకటి పడేలోగా తెచ్చిస్తే వెనక్కి తీసుకుంటానన్నాడు.

అదే ఆదివారం మాస్టారి అక్క వస్తోంది. మొదటినుంచీ ఆవిడకి ఈ బండి గిట్టదు. తను వాడేసి పక్కన పెట్టిన పెట్రోలు బండి ఉండగా ఈ బొమ్మబండి ఎందుకంటూ ఫోన్లో తమ్ముడికి రోజూ క్లాసు పీకుతోంది. బస్టాండు నుంచి నన్ను ఎక్కించుకుని మీ ఎత్తు ఎక్కితే సరే, లేకపోతే నా బండి తీసుకోండి, అని ఆఖరికి తేల్చేసింది. ఆ బండి అద్దాలు ఎప్పుడో విరిగిపోయాయి. ఇక మాస్టారి ముఖం ఎందులో చూసుకోవాలన్నదే కొత్త పెళ్లికూతురి దిగులు.

ఆదివారం పొద్దున స్కూటరుని తుడుద్దామని ఆమె ముందే కిందికి దిగింది. మెట్ల కింద బండి లేదు. మేడ వెనక, బట్టలు ఆరేసే ఖాళీ జాగాలో ఏదో సన్నగా గుయ్యిమంటోంది. తొంగి చూసింది.

మాస్టారు స్కూటరు మీద ఉన్నాడు. రెండు కాళ్లూ బాతులా అటూ ఇటూ చాచి, పళ్లు బిగించి, దండెం చుట్టూ తిరుగుతున్నాడు. ఒక దుప్పటి వచ్చి ముఖానికి చుట్టుకుంది. కళ్లు మూసుకుని నడుపుతానన్న మాట ఇన్నాళ్లకి నిజమైంది. దుప్పట్లోంచి బయటపడి, ఎడమ అద్దాన్ని రోడ్డు కనపడేలా సర్దుకుని మళ్లీ బయల్దేరాడు. రోజూ పొద్దున ఆ అద్దం పక్కకి ఎందుకు తిరిగి ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఆ పాపాన్ని పక్కింటి పిల్లి మీదికి తోసింది.

నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుని, పిల్లిలా అడుగులేస్తూ పైకి వచ్చేసింది. కాసేపటికి చెమటలతో మాస్టారు వచ్చాడు. బరువు ఎక్కువైందా అని అడిగితే, "రోజురోజుకీ పెరుగుతోంది" అన్నాడు నీళ్లు అందుకుంటూ.

మళ్లీ చార్జింగు పెట్టే వ్యవధి లేదు. బస్టాండుకి వెళుతూ దారంతా ఆలోచించింది. నిజం చెబితే బండి దక్కుతుంది, మాస్టారి పరువు పోతుంది. చెప్పకపోతే ఆయన పరువు దక్కుతుంది, అద్దంలో ఆయన ముఖం పోతుంది.

ఆడపడుచుని ఎక్కించుకుని వచ్చేసరికి ఎత్తు మొదట్లో మాస్టారు సంచీ అందుకోవడానికి నిలబడి ఉన్నాడు. స్కూటరు సరిగ్గా ఆయన ముందుకొచ్చి ఉసూరుమంది. ఆవిడ తాపీగా దిగింది.

"చెప్పానా లేదా? పద, ఇప్పుడే షోరూములో ఇచ్చేసొద్దాం. ఏమ్మాయ్, ఇంకా ఏమైనా అంటావా?"

ఆమె మాస్టారి వైపు చూసింది. నోటిదాకా వచ్చిన మాటని మింగేసి, "మీ ఇష్టం వదినా" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాస్టారు సంచీ కింద పెట్టాడు. "బండి తప్పు కాదక్కా. రోజూ పొద్దున్నే సగం చార్జింగు నేనే తినేస్తున్నాను."

"నువ్వా? నీకు సైకిలే రాదు కదరా!"

"అందుకే మరి. పగలు నేర్చుకుంటే మా క్లాసు పిల్లలు చూస్తారు."

అంటూనే బండెక్కాడు. ఇద్దరి బరువుకి మొరాయించిన స్కూటరు ఒక్క మనిషికి సరేనంది. కాళ్లు చాచుకుని, నడిచేవాళ్ల కంటే నెమ్మదిగా, హారను మీద బొటనవేలు ఇరుక్కుని బాతు అరుస్తూనే ఉండగా, ఆయన పైదాకా వెళ్లాడు. ఆడపడుచు నవ్వు ఆపుకోలేక రోడ్డు పక్కన సంచీ మీదే కూలబడింది.

"నీకు ముందే తెలుసా?" అని మరదల్ని అడిగింది.

"పొద్దున్నే తెలిసింది వదినా."

"తెలిసీ బండిని వదులుకుందామనుకున్నావా? బాగుంది జంట."

మధ్యాహ్నమంతా బ్యాటరీ నిండేలా చార్జింగు పెట్టారు. ఈసారి దాన్ని ఆడపడుచే స్వయంగా మోసుకొచ్చి బిగించింది, తమ్ముడి చేతికి మాత్రం ఇవ్వలేదు. సాయంత్రం మరదలి వెనక కూర్చుని ఆ ఎత్తు ఎక్కింది. నమ్మకం కుదరక మళ్లీ దిగి మళ్లీ ఎక్కింది. షోరూము మాట ఇక ఎవరూ ఎత్తలేదు.

మర్నాటి నుంచి మాస్టారు అందరిముందే నేర్చుకున్నాడు. పిల్లలు నవ్వారు, తర్వాత వెనక పరిగెత్తి నేర్పారు కూడా. మొదటిసారి భార్యని వెనక కూర్చోబెట్టుకున్న రోజు ఎడమ అద్దాన్ని ఆమె ముఖం కనబడేలా తిప్పుకుని, అందులోకే చూస్తూ వెళ్లి నేరుగా గేటుకి గుద్దాడు.

అద్దానికేం కాలేదు.