రాలిన పిందె, పడిన నింద

పువ్వులో తేనెను, తుమ్మెదలో ఆకలిని ఒక్క సంకల్పంతో సృజించి, కదలలేని తీగకు సైతం సంతానయోగం కల్పించిన శ్రీమన్నారాయణునికి అంజలి ఘటించి ఈ కథ చెబుతున్నాను.

గాజు కప్పు వేసిన ఆ గుమ్మడితోటలోకి తేనెటీగలు రావు. కనుక తెల్లవారి పువ్వులు విచ్చుకునే వేళకు ఆడవాళ్ళే ఈగల పని చేయాలి. మగపువ్వును తుంచి, రేకులు ఒలిచి, లోపలి పుప్పొడిని ఆడపువ్వు నడుమనున్న కీలాగ్రానికి మృదువుగా రాయాలి. ఆడపువ్వు అడుగున గోలీకాయంత పిందె ఉంటుంది. పుప్పొడి అందితే ఆ పిందె కాయగా ఊరుతుంది. అందకపోతే పసుపుబారి రాలిపోతుంది.

ఆ పనివారికి పెద్దగా ఉన్న ముసలామెను అందరూ పెద్దమ్మ అనేవారు. ఆమె కోడలూ అక్కడే పనిచేసేది. పెళ్ళయి ఏళ్ళు గడిచినా ఆ పిల్ల కడుపు పండలేదు. ఒక వేసవిలో, పడమటి గాజుగోడ పక్కనున్న కోడలి వరుసలో మాత్రం పిందెలు రాలడం మొదలైంది.

"నీ చెయ్యి పడితే పాదు కూడా గొడ్డుబోయింది కదే తల్లీ" అంది పెద్దమ్మ, అందరూ వినేలా.

"అయితే నన్ను కలుపులోకి పంపండత్తా. అదైనా గొడ్డుబోతుంది" అంది కోడలు.

నవ్వులు రేగాయి. అత్తకు మాత్రం అది పొగరుగా తోచింది. ఆ రాత్రి కోడలు భర్తతో, ఇద్దరమూ డాక్టరు దగ్గరికి వెళదామని మెల్లగా అడిగింది. అతడు కంచం తోసేసి లేచాడు. తన మగతనాన్నే శంకించిందని తల్లితో మొరపెట్టుకున్నాడు. తల్లి కొడుకు పక్షమే వహించింది. విడాకులైనాయి. కోడలు అన్నగారింటికి చేరింది. ఆమె మంచం మీదికి మరొక పిల్ల వచ్చింది.

మరుసటి వేసవిలో అన్ని వరుసల్లోనూ, పెద్దమ్మ స్వయంగా చూసుకునే వరుసతో సహా, పిందెలు రాలాయి. తోటకు సలహాలిచ్చే నిపుణురాలు వచ్చి, మగపువ్వును నల్లగుడ్డ మీద రుద్ది చూసింది. గుడ్డకు పొడి అంటలేదు.

"ఆడపువ్వుల్లో ఏ లోపమూ లేదు పెద్దమ్మా. ఈ వేడికి మగపువ్వులో పుప్పొడి మాడిపోయింది. పోయినేడు గాజుగోడ పక్కన జరిగిందీ ఇదే. పువ్వు పైకి నిండుగానే ఉంటుంది."

"మరి మేమంతా పిందెనే ఎందుకు తిట్టుకున్నాం?"

"రాలేది అదే కదమ్మా. కంటికి కనబడేదీ అదే."

పెద్దమ్మ తానూ మరో మగపువ్వును తుంచి ఆ గుడ్డ మీద రుద్ది చూసింది. అప్పటికే కొడుకు, ఇంకా నెల తప్పలేదని రెండో భార్యనూ సూటిపోటి మాటలంటున్నాడని ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రం ఆమె పాత కోడలి అన్నగారింటికి వెళ్ళింది. పెరట్లో ఆ పిల్ల వదినగారి అంట్లు తోముతోంది. మనిషి సగమైంది. పెద్దమ్మ తప్పైపోయిందంటూ ఆమె చేతులు పట్టుకోబోయింది.

కోడలు చేతులు వెనక్కి తీసుకుంది. "పెరట్లో నా ఒక్కదానికి చెబితే ఏం లాభమత్తా? అన్నది పదిమందిలో. ఇప్పుడున్న పిల్లనైనా నాలా కానివ్వకండి" అని మళ్ళీ గిన్నె అందుకుంది.

మరునాడు పువ్వులు విచ్చేవేళ పెద్దమ్మ పనివారందరినీ పిలిచింది. రెండో కోడలిని పక్కన నిలబెట్టుకుంది.

"నా మొదటి కోడలిని మీ ముందే గొడ్రాలన్నాను. ఆ మాట అబద్ధం. లోపం ఎవరిదో నాకు తెలియదు. తెలుసుకుందామన్న పిల్లను ఇంట్లోంచి గెంటాను. నా కొడుకు డాక్టరు పరీక్షకు వెళ్ళేదాకా ఈ పిల్లను ఎవరు ఒక్క మాట అన్నా నేనూరుకోను. బిడ్డ పుట్టడానికి ఇద్దరు కావాలని రోజూ ఈ చేతులతోనే చూస్తూ, పుట్టకపోతే ఒక్కదాన్నే శిక్షించాం. అది పాపం."

ఎవరూ నవ్వలేదు. కొడుకు ఆనాటి నుంచి తల్లితో మాట్లాడలేదు, పరీక్షకూ వెళ్ళలేదు. మొదటి కోడలు తిరిగి రాలేదు. రెండో పిల్ల మాత్రం అత్త పక్క వరుసలో తలెత్తుకుని పని చేస్తోంది.

ఈ కథ విన్నవారి ఇళ్ళలో నిందకంటే ముందు విచారణ నడుచుగాక. ఏ ఆడబిడ్డ కన్నీరూ మీ గడపను తడపకుండుగాక. సర్వులకూ శుభమగుగాక.