నాంచారయ్య కొలతల బండి

నేను ఒక మోటారు సైకిల్‌ని. ఏ కంపెనీ అని మాత్రం అడక్కండి. అడిగితే నా ఒంట్లో నలుగురైదుగురు ఒకేసారి నోరు తెరుస్తారు. ఇంజను ఒక ఎస్సై గారి కింద తిరిగి తిరిగి వేలంలోకి వచ్చిన బండిది. దొంగల వెనక పరిగెత్తిన దానికంటే టీకొట్ల ముందు నిలబడిందే ఎక్కువ, అయినా దగ్గులో దర్జా తగ్గలేదు. పెట్రోలు ట్యాంకు నందిగామ పాలాయనది. క్యాన్లు ఒరుసుకుని రెండు బుగ్గలూ సొట్టలు పడ్డాయి. ముందు ఫోర్కు ఒక కొత్త పెళ్లికొడుకు బండిది. మరదళ్లు చూస్తున్నారని చేతులొదిలేసి నడిపి గోడను గుద్దాడు. గోడకేం కాలేదు. వెనక చక్రం ఎగ్జిబిషన్లో మరణబావి గోడల మీద గుండ్రంగా తిరిగిన బండిది కాబట్టి దానికి తిన్నగా పోవడమంటే ఇప్పటికీ అనుమానమే.

వీళ్లందరినీ ఒకచోట పట్టుకుని ఉన్న ఇనప పైపులు మాత్రం కొత్తవి. ఆ పైపుల ఫ్రేమే నేను. వయసులో అందరికంటే చిన్నవాణ్ని, పెత్తనం మాత్రం నాదే.

ఈ సామానంతా పోగేసింది నాంచారయ్య. బెజవాడ నుంచి కలకత్తా లైన్లో లారీ తోలేవాడు. మిగతా డ్రైవర్లు దారిలో జీడిపప్పో, కొండ చీపుర్లో కొనుక్కొస్తే, ఈయన పాత ఇనప కొట్ల ముందు లారీ ఆపి ఏదో ఒక ముక్క వేసుకొచ్చేవాడు. ఫోర్కు మంచం కింద పడుకుంది. ట్యాంకు బీరువా మీద కూచుంది. ఇంజను స్నానాల గదిలో ఓ మూల, గోనెపట్టా కప్పుకుని, ఇంటికొచ్చిన చుట్టాలను హడలగొట్టేది. ఆయన భార్య తిరపతమ్మ ఒకరోజు వెనక చక్రాన్ని చూసి అంది, "మనుషులు కూచోటానికి చోటు లేదు గానీ, దీనికి మాత్రం చాపేసి పడుకోబెట్టావు. అన్నం కూడా పెట్టమంటావా?"

"దానికి గాలి చాలే," అన్నాడు నాంచారయ్య.

ఆయన కోరిక పెద్దదేం కాదు. లారీలను ప్రకాశం బ్యారేజీ మీదికి రానివ్వరు. ఇన్నేళ్లు స్టీరింగ్ పట్టుకున్న మనిషి, కృష్ణ దాటాల్సి వచ్చినప్పుడల్లా దిగువనున్న వారధి వంతెన మీంచి వెళ్తూ బ్యారేజీని పక్కచూపు చూడటమే గానీ దాని మీద తన చేత్తో బండి నడిపింది లేదు. తనకోసమే కట్టిన బండి మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా వెళ్లి, అవతల సీతానగరంలో టీ తాగి రావాలి. అంతే. బావమరిది పున్నారావు, "అంత ముచ్చటగా ఉంటే నా మోపెడ్ తీసుకుపో బావా," అన్నాడు ఒకసారి.

"మోపెడ్ మీద పోతే బ్యారేజీ నవ్వుద్దిరా."

పున్నారావు తిరపతమ్మకు తమ్ముడు. ఆటోనగర్‌లో లారీ ఛాసిస్‌లు వెల్డింగ్ చేసే షెడ్డు అతనిది. బావా బావమరుదులు ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే భుజాలు. వెనక నుంచి చూస్తే సొంత మనుషులే పొరబడేవాళ్లు. ఒకసారి తిరపతమ్మ మొగుణ్ననుకుని తమ్ముణ్ని బజార్లో నిలబెట్టి వాయించేసింది. అతను తిరిగి ముఖం చూపించినా ఆపలేదు, మొదలుపెట్టిన తిట్టు సగంలో వదలడం ఆవిడకు ఇష్టం ఉండదు.

నన్ను కట్టే పద్ధతి చెబుతాను వినండి. కంపెనీలు ముందు బండి చేసి తర్వాత మనిషిని వెతుక్కుంటాయి. పున్నారావు ముందు మనిషిని కూచోబెట్టాడు. ఆయిల్ డ్రమ్ము మీద సీటు పెట్టి దాని మీద నాంచారయ్యను ఎక్కించాడు. హ్యాండిల్‌ను షెడ్డు దూలానికి తాళ్లతో వేలాడగట్టి, చేతులకు హాయిగా అందేదాకా కిందికీ పైకీ జరిపాడు. పాదాల కింద ఇటుకలు పేర్చాడు. గాలిలో బండి నడుపుతూ నాంచారయ్య నోటితో హారన్ కొట్టాడు. ఆ కూచున్న మనిషి చుట్టూ పున్నారావు నేల మీద సుద్దముక్కతో గీతలు గీశాడు. ఆ గీతలే నేను. అప్పటికి ఇనుము కూడా కాలేదు, అయినా బడాయి మొదలైంది.

అప్పుడే ఒక ట్రిప్పులో నాంచారయ్య చేతిలోంచి గేరు రాడ్డు జారింది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది. చెమటనుకుని తువ్వాలుతో తుడుచుకున్నాడు. ఇంటికొచ్చాక చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాడు. ఆసుపత్రిలో చెప్పారు, నరాల జబ్బు, కండంతా కరిగిపోతూ వస్తుంది, దీనికి మందు లేదు అని. ఆ కబురు విని షెడ్డుకొచ్చి, "పున్నా, బండి తొందరగా కానివ్వు. చేతులు నాకంటే ముందు రిటైరవుతున్నాయి," అన్నాడు. నవ్వింది ఆయనొక్కడే.

ఆ తర్వాత ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. పున్నారావు కూడా వెంటే తిరిగాడు. షెడ్డుకు తాళం. ఈలోగా ముసురు పట్టి పైరేకు కారి, నేల మీది సుద్దగీతలన్నీ కొట్టుకుపోయాయి. నా మొదటి చావు అది. చాలా తేలిగ్గా జరిగింది, ఎవరూ ఏడవలేదు.

తాళం తీసి చూసుకున్న పున్నారావు టేపు జేబులో వేసుకుని బావ ఇంటికి వెళ్లాడు. నాంచారయ్య మంచంలో ఉన్నాడు. టేపు లాగిన చప్పుడు వినగానే తిరపతమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"ఏం చేస్తున్నావురా?"

"కొలతలక్కా. పాతవి పోయాయి."

"మంచంలో ఉన్న మనిషిని కొలుస్తావా?" ఆవిడ గొంతు పెరగలేదు. "దేనికి కొలుస్తారో తెలుసా నీకు? లోపల పెట్టు దాన్ని."

పున్నారావు లోపల పెట్టుకున్నాడు. మా వైపు పడుకున్న మనిషికి కొలత పెట్టరు. పెట్టేది ఒకే ఒక్క పనికి, పాడె కట్టే రోజున. మనుషులు చిత్రమైనవాళ్లు. రోగం ఇంట్లోకి వచ్చి కాళ్లు బార్లా చాపుకుని కూచున్నా ఫరవాలేదు గానీ టేపు మాత్రం గడప దాటకూడదు.

ఇక షెడ్డులో పున్నారావు చేసిన పని మీరు ఊహించుకోవచ్చు. తనూ బావా ఒకటే సైజు కదా. డ్రమ్ము మీద తనే కూచున్నాడు. హ్యాండిల్‌ను తన చేతులకు అందేలా కట్టుకున్నాడు. ఇటుకలు తన పాదాలకు పేర్చుకున్నాడు. బావ బాగున్న రోజు కొలతలు తన ఒంట్లో ఉన్నాయని అతని నమ్మకం. నిజమే, ఉన్నాయి. బాగున్న రోజే లేదు.

పైపులు వంచాడు, అతికాడు. పాలాయన ట్యాంకు బుగ్గలను సుత్తితో సవరించాడు. పక్క లేతు షెడ్డు సుభానీ వచ్చి, "ఇది బండా, పాతసామాన్ల పెళ్లా?" అని నవ్వి స్టార్ట్ చేయబోయాడు. కిక్కు రాడ్డుతో వాడి పిక్క మీద ఒక్కటిచ్చాను. ఆ రోజు నుంచి వాడు కుంటుకుంటూ, "బండి గారికి నమస్కారం" అని దణ్నం పెట్టి మరీ పోయేవాడు. నా బతుకులో నేను గెలిచింది అదొక్కటే కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్పాను, ఏమనుకోకండి.

ఒక పొద్దున ఆటోలో నాంచారయ్యను తీసుకొచ్చారు. నన్ను నీళ్లతో కడిగి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి నిలబెట్టారు. ఆయన ఆటోలోంచే నన్ను చాలాసేపు చూశాడు. ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఒక్కో ముక్కనూ ఏ ఊళ్లో కొన్నాడో పేరు పెట్టి పలకరించాడు. తర్వాత పున్నారావూ, సుభానీ చెరో చంకలో చెయ్యేసి నా మీదికి ఎక్కించారు.

మోకాళ్లు సాగక కాళ్లు నేలకు అందలేదు. రెండు పక్కలా తువ్వాళ్లలా వేలాడాయి. చేతులు హ్యాండిల్ దాకా చాస్తే నడుం ముందుకు పడిపోయి, గడ్డం ట్యాంకు మీద ఆనింది. ఎంతో మందిని మోసిన ఇంజనుకు కూడా ఆ మనిషి ఎక్కాడా లేదా అని అనుమానం వచ్చింది. పున్నారావు ఆయన్ను భుజాలు పట్టి నిటారుగా కూచోబెట్టాడు. ఏం జరిగిందో అతనికి ఆ భుజాలు పట్టుకున్నాకే అర్థమైంది.

"పున్నా," అన్నాడు నాంచారయ్య. "బండి బ్రహ్మాండంగా ఉందిరా. నీకు సరిగ్గా సరిపోయింది."

"సీటు కొంచెం దించుతాను బావా."

"ఎంత దించుతావు?"

పున్నారావు ఒక చేత్తో ఆయన్ను పట్టుకుని, రెండో చేత్తో సీటు కింద బెత్తెలు లెక్కపెట్టబోయాడు.

"కొలుచుకోరా మరి," అన్నాడు నాంచారయ్య. "అడ్డమైనోళ్ల ఒంటిమీద కొలిస్తే ఇట్టాగే ఏడుస్తది."

పున్నారావు టేపు తీశాడు గానీ దాన్ని లాగలేదు. అక్క వైపు చూశాడు. తిరపతమ్మ షెడ్డు గుమ్మం దగ్గర వీధి వైపు తిరిగి నిలబడి ఉంది. తర్వాత వచ్చి కింద కూచుని, టేపు కొస తీసుకుని, మొగుడి మడమ దగ్గర బొటనవేలితో నొక్కి పట్టుకుంది. "చూడు, ఎంతుందో," అంది తమ్ముడితో.

అలా నేను రెండోసారి పోయాను. పున్నారావు గ్యాస్ కట్టర్‌తో నన్ను మధ్యకు కోశాడు. ఇనుముకు నొప్పేంటి, నేనేం బాధపడలేదు. నడుం దించి, వీపు కురచ చేసి, హ్యాండిల్‌ను బాగా వెనక్కి లాగి మళ్లీ అతికాడు. వెనక తను కూచుని, బావ చేతుల మీద తన చేతులేసి బ్యారేజీ దాటించాలని పున్నారావు పథకం. తిండి మానేసి పని చేశాడు. కానీ అవతల కండలు కరిగించే రోగం కూడా తీరిక లేకుండా తన పని తను చేసుకుంటోంది. బండి అయ్యేసరికి నాంచారయ్య మెడ నిలపలేకపోయాడు. ఆటో ఎక్కించే ప్రశ్నే లేదు.

పున్నారావు హ్యాండిల్ ఒక్కటే విప్పి ఇంటికి పట్టుకెళ్లాడు. మంచం మీద బావ గుండెల పైన పెట్టి, ఆ వేళ్లను ఒక్కొక్కటిగా యాక్సిలరేటర్ చుట్టూ ముడిచి, పైన తన చెయ్యేసి తిప్పాడు. తిరిగి వచ్చాక హ్యాండిల్ నాకు చెప్పింది ఇదంతా.

నాంచారయ్య మాట అప్పటికి ముద్దగా వస్తోంది. "దానికి కేబులు లేదురా," అన్నాడట. "ఎంత తిప్పినా ఇక్కడే ఉంటాం."

వానలు వెనకబట్టకముందే పోయాడు.

తర్వాత నన్ను కొంటామని కొందరు వచ్చారు. ఎక్కి కూచుంటే మోకాళ్లు హ్యాండిల్‌కు తగిలాయి. దిగి, ప్యాంటు దులుపుకుని, "బాగుంది గానీ..." అంటూ పోయారు. పున్నారావు కూడా నా మీద పట్టడు. ప్రయత్నించనూ లేదు.

నెల మాసికం అయ్యాక తిరపతమ్మ షెడ్డుకొచ్చింది. తమ్ముడు టీ తెస్తానని బయటికి వెళ్లాడు. ఆవిడ నా చుట్టూ ఒకసారి తిరిగి, చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని, నా మీద ఎక్కి కూచుంది. రెండు పాదాలూ నేలకు ఆనాయి. చేతులు చాచకుండానే హ్యాండిల్ అందింది. మొదటిసారి నేను ఒక మనిషికి సరిపోయాను. ఆవిడ అలా ఎదురుగా గోడను చూస్తూ కూచుంది. పున్నారావు రెండు టీగ్లాసులతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇంతే అయిపోయాడన్నమాట," అంది తిరపతమ్మ. దిగి, చీర సర్దుకుంది. "విప్పెయ్ తమ్ముడూ. ఇట్టా నిలబెట్టి ఉంచమాక."

విప్పేశాడు. ఇంజనును గుడివాడ మెకానిక్ ఎవరో పట్టుకుపోయాడు, పోతూ పోతూ అది దర్జాగా ఒకసారి దగ్గింది. ట్యాంకు, ఫోర్కు, చక్రాలు తలా ఒక దిక్కు. పాత ముక్కలకు ఎప్పుడూ ఏదో ఒక ఇల్లు దొరుకుతుంది. ఒకే మనిషికి, అదీ ఒకే వారానికి కొలిచి కట్టిన ఫ్రేము మాత్రం ఇంకే బండిలోకీ దూరదు. తూకానికి వెయ్యడానికి పున్నారావుకు చేతులు రాలేదు. షెడ్డు వెనక గోడకు నన్ను ఆనించాడు. లారీ డ్రైవర్లు పంపు దగ్గర స్నానం చేసి తడి లుంగీలు నా మీద ఆరేస్తున్నారు. ఎండ బాగా తగిలే చోటని తెగ మెచ్చుకుంటున్నారు.