బలం గోలీ

ఆ రెండో శనివారం ఇంట్లో ఉన్నది ఐదుగురు. ముందు గదిలో దివాన్ మీద కాళ్ళు చాపుకుని శివయ్య తాత. బాత్రూములో నీళ్ళు గుమ్మరించుకుంటూ నగేష్ చిన్నాయన. ఆయన పనిచేసే కంచన్‌బాగ్ ల్యాబుకు ఆ రోజు సెలవు. గడప మీద కూర్చుని బొమ్మలకు రంగులేస్తూ ఆయన కూతురు, ఆరేళ్ళ స్వీటీ. మధ్య గదిలో గోడవైపు తిరిగి నిద్రపోతూ స్వరూప చిన్నమ్మ. వంటింట్లో అంట్ల ముందు నందిని. ఎవరైనా వచ్చి మీరెంతమంది అని అడిగితే మాత్రం తాత నలుగురమనే చెప్పేవాడు. నందిని ఊరి నుంచి ఇంటర్ చదువుకోవడానికి వచ్చింది కదా, లెక్కలోకి రాదు.

చిన్నమ్మ ఐదింటికే లేచింది. నల్లా నీళ్ళు పట్టింది, ఉప్మా చేసింది, నాలుగు బకెట్ల బట్టలు ఉతికి ఆరేసింది. పది దాటాక తువ్వాలు చేతిలో ఉండగానే మంచం మీద ఒరిగిపోయింది. పడుకుంది అనడానికి లేదు, పడిపోయింది.

"లేచిందా మీ చిన్నమ్మ?" తాత ముందు గదిలో నుంచి కేకేశాడు.

"లేవలే తాతా."

"ఇంగేం లేస్తది! గామెను ఎత్తుకపోయి ఫ్లైఓవర్ మీద పండవెట్టినా బస్సులు పక్కకెళ్ళి పోవాల్సిందే." తన మాటకు తనే నవ్వుకున్నాడు. తర్వాత అసలు సంగతి గుర్తొచ్చినట్టుంది. "నందినీ, వచ్చే నెల మీ నానమ్మ ఏడాది మాసికం. పోయినామె మందులు ఇంట్ల ఉండొద్దంటరు. బీరువ మీద సంచి ఉన్నది సూడు, తీస్కపోయి మోరీల గుమ్మరియ్యి."

నానమ్మ అంటే లీలమ్మ, తాత భార్య, చిన్నమ్మ అత్తగారు. రెండేళ్ళు మంచంలో ఉండి పోయినేడు పోయింది.

"మోరీల వద్దంట తాతా. మెడికల్ షాపుల డబ్బా పెట్టిండ్రు. వాడని మందులు అండ్ల వెయ్యాలంట."

"గదేదో కథ! సరే, యాడనో ఓ కాడ వెయ్యి."

చేతులు తుడుచుకుని నందిని స్టూలెక్కింది. దుమ్ము పట్టిన గుడ్డ సంచి. లోపల సిరప్ సీసాలు, ఒక ఆయింట్‌మెంట్, రబ్బరు బ్యాండు వేసిన గోలీల పత్తాలు. వాటిలో రెండు పత్తాలు చూడగానే తెలిసినవే అనిపించాయి. వెండి రంగు రేకు, దాని మీద వంకాయ రంగు గీత. చిన్నమ్మ రోజూ వేసుకునే బలం గోలీలు. నానమ్మ కూడా ఇవే వేసుకునేదేమో అనుకుంది. నిండుగా ఉన్నాయి, ఒక్క గోలీ కూడా తియ్యలేదు. డేటు ఉంటే చిన్నమ్మకు పనికొస్తాయి కదా. ఊళ్ళో అమ్మ అయితే ఇలాంటివి పారెయ్యనిస్తుందా?

డేటు తనే చదువుకోవచ్చు. కానీ రేకు మీద అంతా చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. ఆమె ఊరి బడిలో ఇంగ్లీషు పాఠం సారు చదివితే వెనక అనడమే తప్ప, ఎవరూ విడిగా కూర్చుని చదివింది లేదు. ఇక్కడ కాలేజీలో లేచి చదవమంటే పుస్తకం పక్కపిల్ల వైపు జరుపుతుంది. అందుకని ఇంగ్లీషు కనిపిస్తే ఆమె కళ్ళు వాటంతట అవే పక్కకు జరుగుతాయి. మెడికల్ షాపామెనే అడుగుదామనుకుని సంచి భుజాన వేసుకుంది.

చాంద్రాయణగుట్ట చౌరస్తా నుంచి లోపలికి రెండో గల్లీలో ఉంది ఆ షాపు. నడిపేది రాహేలు అనే ఆమె. కళ్ళజోడు ముక్కు మీదికి జారిపోతూ ఉంటుంది. గల్లా పక్కన తాళం వేసిన పసుపు డబ్బా, దాని మీద తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలు: వాడని మందులు ఇక్కడ వేయండి.

"మా నానమ్మవి మేడమ్. ఆమె పోయింది," అంది నందిని, గాజు బల్ల వైపు చూస్తూ.

"శాబాష్! నువ్వన్న తెచ్చినవు బిడ్డా. డబ్బా పెట్టి నెలైంది, సగం మంది అండ్ల బిస్కెట్ కవర్లు ఏస్తున్నరు." రాహేలు సంచి బోర్లించింది. అట్టపెట్టెల మీద పేరు కనపడకుండా నల్ల మార్కరు గీసింది. సీసాలు వేరే పెట్టింది. పత్తాలు తీసుకుని ఒక్కోదాన్నీ కత్తెరతో అడ్డంగా కోస్తూ డబ్బాలో వేస్తోంది. "గిట్ల కొయ్యకపోతే తీసి మళ్ళ అమ్మెటోళ్ళున్నరు. మోరీల వేస్తే నీళ్ళల్ల కలుస్తది. చెత్తల వేస్తే పిల్లలు చాక్లెట్ అనుకొని నోట్ల వేస్కుంటరు. ఈ డబ్బా అయితే కాలబెట్టే కాడికి పోతది, ఫికర్ లేదు."

కత్తెర ఆ వెండి పత్తాల దగ్గరికొచ్చింది. నందిని గాజు బల్ల అంచు పట్టుకుంది; కొత్తవాళ్ళను ఏదైనా అడగాలంటే ఆమెకు ఎప్పుడూ అంతే.

"మేడమ్, గవి రెండు కొయ్యకుండ్రి. డేట్ ఉంటే వాపస్ తీస్కపోత. మా చిన్నమ్మ వేస్కుంటది."

"ఏంది ఇవి?"

"బలం గోలీలు మేడమ్."

రాహేలు కళ్ళజోడు పైకి నెట్టుకుంది. పత్తా తిప్పి చూసింది, మళ్ళీ నందిని మొహం చూసింది.

"బలం గోలీలని ఎవరు చెప్పిండ్రు నీకు?"

"మా చిన్నాయన."

"బిడ్డా, ఇవి బలానికి కాదు. నిద్ర గోలీలు. డాక్టర్ చిట్టీ ఉంటెనే ఇస్తం. మీ నానమ్మకు రాసి ఉంటరు. ఆమె పోయి ఎన్నొద్దులైంది?"

"పదకొండు నెలలు."

రాహేలు పత్తా చివర నొక్కి అచ్చేసిన అంకెల మీద గోరు పెట్టింది. "ఇదో, తయారైన తారీకు. మొన్న ఏప్రిల్‌ల. మీ నానమ్మ అప్పటికే లేదు గద?"

నందినికి ముందు అర్థమైంది ఇంతే: పోయిన మనిషికి ఎవరో మందులు కొంటున్నారు. బుర్ర అక్కడిదాకా పోయి ఆగిపోయింది. ముందుకు పోనని మొండికేసింది.

"మీ చిన్నమ్మ రోజూ వేస్కుంటదా?"

"రోజూ. అన్నం తిన్నంక."

"తానే వేస్కుంటదా, ఎవరన్న ఇస్తరా?"

గల్లీలో ఎవరో ఆటో స్టార్ట్ చేస్తున్నారు, అది ఎంతకూ అందుకోవడం లేదు.

"నేనే ఇస్త మేడమ్."

రాహేలు కత్తెర పక్కన పెట్టేసింది. బల్ల మీద నుంచి చెయ్యి చాపి నందిని మణికట్టు పట్టుకుంది. "చూడు, ఆమెను ఇయ్యాల్నే నా దగ్గరికి తోల్కరా. రెండింటిదాక ఉంట. ఒక్కసారే బంద్ చేసినా పానానికి మంచిది కాదు, డాక్టరమ్మకు చూపిచ్చి మెల్లగ తగ్గియ్యాలె. నేనొస్త తోడు. ఇవి మరి డబ్బాల వెయ్యనా?"

"వద్దు మేడమ్."

పెద్దవాళ్ళతో వద్దు అనడం ఆమెకు అదే మొదలు. పత్తాలు పిడికిట్లో బిగించి బయటికొచ్చింది.

నానమ్మ మంచాన పడకముందు చిన్నమ్మ ఎలా ఉండేదో నందినికి తెలుసు. సెలవులకు వచ్చినప్పుడు చూసింది. నయాపూల్‌లో కోర్టు ఎదురుగా ఒక టైపింగ్ షాపులో చేసేది, వకీళ్ళు పేరు పెట్టి అడిగి మరీ ఆమె చేతనే కాగితాలు కొట్టించుకునేవారట. అత్తగారు మంచాన పడ్డాక మానేసింది. "రెండేండ్లే గద, అమ్మ లేచినంక పోదువు," అన్నాడట చిన్నాయన. అమ్మ లేవలేదు. దినాలు అయిపోగానే చిన్నమ్మ "ఇగ నేను పనికి పోత" అంది. ఆ వారంలోనే ఈ గోలీలు వచ్చాయి. "మస్తు ఎండిపోయినవు, ముందు బలం గోలీలు వేస్కో, ఎవరాపుతున్నరు నిన్ను?" అన్నాడు చిన్నాయన. ఎంత మంచి మొగుడో అనుకుంది నందిని అప్పుడు. చిన్నమ్మ పదిహేను రోజులు పనికి పోయింది. ఏదో కాగితంలో చనిపోయినవాడి పేరూ బతికున్నవాడి పేరూ తారుమారు చేసిందట, కీబోర్డు మీదే తల వాల్చేసిందట, ఇంక రావద్దన్నారు. ఆ తర్వాత పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. స్వీటీని బడి నుంచి తేవడం మరిచిపోయింది. "సోయి లేని మనిషి," అన్నాడు తాత. "దీనికి పని జేసే మొకమేనా?" అన్నాడు చిన్నాయన, చుట్టాలందరి ముందు నవ్వుతూ. నందిని కూడా నవ్వింది. ఒకసారి కాదు. ప్రతి రోజూ కంచాలు తీశాక చిన్నాయన చొక్కా జేబులోంచి పత్తా తీసి ఇచ్చేవాడు, "నందినీ, ఒకటి తీసి మీ చిన్నమ్మకియ్యి." బొటనవేలితో నొక్కితే రేకు టప్పుమని చిట్లేది. ఆ చప్పుడు నందినికి ఇష్టం. గ్లాసులో నీళ్ళు పోసి, గోలీ అరచేతిలో పెట్టి, చిన్నమ్మ మింగేదాకా నిలబడేది. చెప్పిన పని సరిగ్గా చేసే పిల్ల అని పేరు ఆమెకు. ఆ బొటనవేలిని ఇప్పుడు చున్నీకి రాసుకుంటూ నడుస్తోంది. ఎంత రాసినా సరిపోవడం లేదు.

ఇంట్లో అడుగు పెట్టేసరికి చిన్నాయన బనీనుతోనే నిలబడి ఉన్నాడు. బీరువా పైన దుమ్ములో సంచి ఆకారం మిగిలి ఉంది.

"సంచి ఏది? ఎవర్నడిగి తీసినవు?"

"నేనే తోలిన," అన్నాడు తాత. "మందులు మెడికల్ షాపుల వేసొచ్చింది. గీ మాత్రం దానికి లొల్లెందుకురా?"

"అన్నీ వేసినవా?" చిన్నాయన నందినిని అడిగాడు. గొంతు తగ్గింది. "అన్నీ?"

నందిని తల ఊపింది. పిడికిలి చున్నీ కింద ఉంది. ఆయన మొహంలో ఏదో లెక్క జరుగుతోంది. ఆమె చూడలేక లోపలికి నడిచింది.

చిన్నమ్మ లేచి మంచం మీద కూర్చుని ఉంది. జుట్టు చెదిరి, చెంప మీద దిండు ముడతలు. నందిని దగ్గరికి పోయి పిడికిలి తెరిచింది.

"చిన్నమ్మా, ఇవి బలం గోలీలు కావంట. నిద్ర గోలీలంట. మెడికల్ షాపామె చెప్పింది. నిన్ను ఇయ్యాల్నే తోల్కరమ్మంది, డాక్టరమ్మ దగ్గరికి తోడొస్తదంట. నాకు తెల్వదు చిన్నమ్మా, నిజంగ తెల్వదు."

చిన్నమ్మ ఉలిక్కిపడలేదు. పత్తా వైపు చూసింది, అంతే.

"నాకు తెల్సు," అంది.

నందిని పత్తాల వైపు, మళ్ళీ చిన్నమ్మ మొహం వైపు చూసింది.

"రెండేండ్లు అత్తమ్మకు ఆ గోలీ నేనే మింగిచ్చిన. దాన్ని గుర్తు పట్టనా? రెండో రోజే వద్దన్న. నాకు దిమాక్ ఖరాబైందని, నా దగ్గర ఉంచకుండ స్వీటీని ఆయనక్క దగ్గరికి తోలేస్తనన్నడు మీ చిన్నాయన. మీ అమ్మకు ఫోన్ చేసిన."

"మా అమ్మకా?"

"మీ అమ్మకే. నా తోడబుట్టిన అక్కకే. 'మొగుడు గోలీలు తెచ్చి పెడితే గూడ లొల్లేనా స్వరూపా' అన్నది." చిన్నమ్మ మాటలు మత్తులో ముద్దగా వస్తున్నాయి, కానీ ఒక్కటీ తడబడడం లేదు. "ఇగ ఎవరికి చెప్పాలె? నువ్వు గ్లాసు పట్టుకొని వస్తుంటే రోజూ నీ మొకం దిక్కే చూస్తుంటి. చదువుకునే పిల్ల గద, ఇయ్యాలన్న ఆ పత్తా తిప్పి చదువుతదా, చదవదా అని."

పదకొండు నెలల పాటు తన మీద నిలిచిన ఆ చూపును నందిని మత్తు చూపనుకుంది.

"ఏందే లోపల గుసగుస? చాయ్ పెట్టుండ్రి," ముందు గదిలో నుంచి చిన్నాయన అరిచాడు.

చిన్నమ్మ గోడ పట్టుకుని లేచింది. ఒక్కసారి తూలింది. నందిని ఆసరా ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది. పత్తాలు రెండూ తీసుకుని జాకెట్లో దోపుకుంది.

"ఆ మెడికల్ షాపామె ఎన్నింటిదాక ఉంటది?"

"రెండింటిదాక."

"స్వీటీకి చెప్పులు తొడిగి తయారుగ ఉంచు. అది నాతోనే వస్తది." నందినిని గుమ్మం బయటికి జరిపింది. "చీర మార్చుకోవాలె, పక్కకుండు," అని ఆమె మొహం మీదే తలుపు వేసుకుంది.