నూకరాజు పిడికిలి

నేను ఒక తెడ్డును. సరుగుడు కర్రకు టేకు పలక బిగించి, నూనె పట్టించి నన్ను తయారుచేశాడు మత్స్యకారుల పేటలోని వడ్రంగి. నీళ్ళు తొయ్యడం నా పని. కానీ మనుషులు చేతికందిన వస్తువు దేనికోసం పుట్టిందో అడగరు. ఎదుటివాడి తలకు అందుతుందా లేదా అని మాత్రమే చూస్తారు.

నన్ను మొదట వాడింది గురయ్య. సముద్రంలో నాతో పడవ నడిపేవాడు, ఒడ్డుకొచ్చాక నాతోనే కొడుకు నూకరాజు వీపు వాయగొట్టేవాడు. ఆయన పోయాక పడవా, నేనూ, ఆ కోపమూ నూకరాజుకే వచ్చాయి.

కొడుకు తండ్రిని మించాడు. వలలు వేసే చోటు గురించి పక్క పేటవాళ్ళతో ఎప్పుడూ తగువే. ఒకసారి నడిసముద్రంలో వాళ్ళ పడవ మీదికి దూకి నాతో ఒకడి దవడ పగలగొట్టాడు. వాడి పన్ను ఒకటి నా పలకలో దిగబడిపోయింది. నూకరాజు దాన్ని పీకి నీళ్ళలోకి విసిరేసి, చెయ్యి కడుక్కోకుండానే చద్దన్నం తిన్నాడు. అతని భార్య కొర్లమ్మ నన్ను చూస్తే ముఖం తిప్పుకునేది. నా దెబ్బ ఆమె నడుముకూ తెలుసు.

కొర్లమ్మ ప్రార్థనకు వెళుతోందని తెలిసి, దాన్ని చెడగొడదామని ఒక ఆదివారం నన్ను పట్టుకుని పాక చర్చి మీదికి వెళ్ళాడు. లోపల పాస్టరు జెకర్యాగారు, శిలువ మీద వేలాడుతున్న ప్రభువు తనకు మేకులు కొట్టినవాళ్ళ కోసమే ప్రార్థించాడని చెబుతున్నారు. నూకరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు. కాసేపటికి నా మీద ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

బాప్తిస్మం సముద్రంలోనే ఇచ్చారు. పేతురు అని కొత్త పేరు కోరుకున్నాడు. ప్రభువు శిష్యుడైన పేతురూ జాలరే, అందుకే బెస్తవాళ్ళందరికీ ఆ పేరే కావాలి. పేట మాత్రం నూకరాజనే పిలిచింది. నీళ్ళలోంచి లేస్తూ అతను అరిచాడు: "నా కోపం ఈ సముద్రంలో ములిగిపోయినాది!" అందరూ స్తోత్రం అన్నారు. అతని చేతిపట్టు తెలిసినదాన్ని కనుక నేను అనలేకపోయాను.

కొన్నాళ్ళు నిజంగానే నీళ్ళు తప్ప దేన్నీ తాకలేదు నేను. తర్వాత ఒక పొద్దున కొత్త వల రాళ్ళలో చిక్కుకుంది. పడవ ఒరిగిపోతుంటే కొర్లమ్మ తమ్ముడు కాసులు చటుక్కున కత్తి తీసి వల తెంపాడు. ఇద్దరి ప్రాణాలూ నిలిచాయి. నూకరాజుకు తెగిన వలే కనబడింది. నన్ను ఎత్తి కాసులు చేతి మీద దించాడు. ఎముక విరిగిన చప్పుడు నా ఒంట్లోంచే వచ్చిందనుకున్నాను. చేపల మధ్య పడిన కాసులు మళ్ళీ లేవబోయాడు. నూకరాజు మళ్ళీ కొట్టాడు. అప్పుడు గానీ తాను చేసిందేమిటో అతనికి తెలియలేదు. ఏడుస్తూ ఒక్కడే పడవను ఒడ్డుకు లాక్కొచ్చాడు.

ఇంటికి రాగానే నన్ను నేలమీద పడేశాడు. నా పలక మీద కుడిచెయ్యి పెట్టి, ఎడంచేత్తో గొడ్డలి ఎత్తాడు. "పాపం సేసిన సెయ్యి నరికేసుకోమని వాక్యంలోనే ఉన్నాది!" కొర్లమ్మ మీదపడి గొడ్డలి గుంజింది. ఆ పెనుగులాటలో గొడ్డలి వచ్చి నా అంచున దిగింది. ఓ ముక్క ఎగిరిపోయింది. కేకలు విని జెకర్యాగారు పరుగెత్తుకొచ్చారు.

"నాను ఉత్త దొంగ విశ్వాసిని అయ్యగారూ. నా కోపం సావలేదు."

"పేతురని పేరెట్టుకున్నావు. ఆయన కథ పూర్తిగా విన్నావా?" అన్నారాయన రొప్పుతూ. "ప్రభువుతో అన్నాళ్ళు తిరిగాక కూడా కత్తి దూసి ఒకడి చెవి తెగ్గొట్టాడు. ప్రభువు కత్తి ఒరలో పెట్టమన్నాడు గానీ నువ్వు నాకు వద్దు పొమ్మన్నాడా? నీ కోపం చచ్చిందని నువ్వే చెప్పుకున్నావు. బతికే ఉందని ఒప్పుకో. ఒప్పుకుంటే కాపలా కాసుకోవచ్చు. ముందు కాసులు దగ్గరికి వెళ్ళు."

వెళ్ళాడు. కాసులు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. "నా సెయ్యి వంకరగా అతుకుతాదంట బావా. నీ ప్రార్థనకి తిన్నగవుద్దేటి?"

"అవదురా. నాకూ నమ్మకం లేదు. కానీ ఒకటడుగుతాను. ఇంకోపాలి నాను తెడ్డెత్తితే నువ్వు లాగేయ్. నా వల్ల కాదు."

కాసులు చెయ్యి అతుక్కోగానే వచ్చి పడవెక్కాడు. ఎందుకని కొర్లమ్మ అడిగితే, "నాను లేకపోతే ఈయన ఎవున్నో సంపేత్తాడు" అన్నాడు.

తర్వాతి వేటలో పక్క పేట పడవ మా వల మీదుగా వచ్చింది. వల తెగింది. అవతలి పడవలోంచి రాళ్ళు పడ్డాయి. ఒకటి నూకరాజు నుదురు చీల్చింది. రక్తం కళ్ళలోకి కారుతుండగా నన్ను ఎత్తాడు. ఎదురుగా, చేతికందేంత దూరంలో, మీసాలు కూడా రాని ఒక కుర్రాడి తల ఉంది. ఆ పట్టులో పాత కోపం ఇసుమంత కూడా తగ్గలేదు.

"కాసులూ! లాగేయ్!" అని నోరు అరిచింది. వేళ్ళు మాత్రం నన్ను వదల్లేదు. కాసులు వంకర చేత్తో లాగాడు, బలం చాలలేదు. వంగి నూకరాజు వేళ్ళను పళ్ళతో కసిగా కొరికాడు. రక్తం వచ్చేదాకా కొరికాడు. పిడికిలి విడింది. నేను పడవలో పడ్డాను. అవతలి పడవ వెళ్ళిపోయింది, ఆ తల దాని మెడ మీదే ఉంది.

వల పోయింది. ఒక్క చేపా లేదు. కాసులు నన్ను పట్టుకుని పడవ నడిపాడు. నూకరాజు చెయ్యి ఉప్పునీళ్ళలో ముంచి, పళ్ళు బిగపట్టి, "ఇంకా ఉన్నాదిరా" అన్నాడు.

"నాకు తెల్దా?" అన్నాడు కాసులు.

ఆ తర్వాత మోటారు పడవలు వచ్చాయి. నన్ను చర్చి వెనక తుప్పు ఇంజన్ల మధ్య పారేశారు. వాళ్ళిద్దరూ ముసలివాళ్ళై రోజూ ఆ చర్చి గోడ నీడకే వస్తారు. నిన్న ఎవరో ప్రార్థన చాపల మీద చెప్పులతో నడిచారని నూకరాజు అరుస్తూ పైకి లేచాడు. పిడికిలి బిగుసుకుంది. కాసులు అతని పంచె చెంగు పట్టుకుని, "కూకో బావా" అన్నాడు.

చాలాసేపు పట్టింది. కూర్చున్నాడు.