రేఖ పుట్టిన తేదీ

రెండువేల ఒకటి డిసెంబరు పద్నాలుగు, శుక్రవారం. పొద్దున పదిన్నరకు బెంగళూరు ఆసుపత్రిలో నర్సు బయటికి వచ్చి, మగబిడ్డ తండ్రి ఎవరని కన్నడంలో అడిగింది. లేచి నిలబడ్డాను. వాడు పుట్టి మూడు రోజులు. బరువు కిలో యాభై గ్రాములు. వాడితో పాటు పుట్టిన ఆడబిడ్డ పక్క గాజుపెట్టెలో ఉంది. నర్సు తలుపు తెరిచి పట్టుకుంది.

తెల్లటి గుడ్డలో చుట్టి ఇచ్చారు. నా మోచేతి నుంచి వేళ్ల దాకా ఉన్నాడు. నేనూ, నా భార్య హేమ వాళ్ల అక్క మొగుడూ పోయి పూడ్చి వచ్చాం. సాయంత్రం హేమకు చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది.

"కండ్లు తెరిచినాడా?"

"లేదు" అన్నాను. నిజానికి నేను చూడలేదు.

పెళ్లయిన పదకొండేళ్లకు, టెస్ట్‌ట్యూబ్ చికిత్సతో కలిగిన పిల్లలు. మా ఊరు ఉరవకొండకు ఏడు మైళ్లు. అక్కడి ప్రాథమిక పాఠశాలలో నేను పంతులుని. ఊళ్లో ఎవరికీ, మా అమ్మ బయమ్మకు కూడా, చికిత్స సంగతి చెప్పలేదు. వజ్రకరూరు వైపు ఎవరికో అలాగే బిడ్డ పుట్టిందని ఒకసారి టీ అంగడి దగ్గర మాట వచ్చింది. "సీసాలో బిడ్డకు పాలెట్ల పోస్తారప్పా, మూత తీసి పోస్తారా?" అన్నాడు తిప్పన్న. అందరితో పాటు నేనూ నవ్వాను. అప్పటికి హేమ సూదులు వేయించుకుంటూ ఉంది. ఆ తర్వాత కడుపుతో ఉందని, విశ్రాంతి కావాలని చెప్పి ఆమెను బెంగళూరులో అక్క ఇంట్లో ఉంచాను.

ఆసుపత్రిలో, ఆ తర్వాత అక్క ఇంట్లో, అన్నీ కలిపి పదకొండు వారాలు దాటాయి. మార్చి మొదటి వారంలో ఊరికి బయల్దేరేనాటికి పాప బరువు రెండు కిలోల మూడువందలు. బస్సులోనే తేదీ నిర్ణయించాను. కాన్పు కావలసింది ఫిబ్రవరి ఇరవైన. ఆ రోజే పుట్టిందని చెబుదామన్నాను. డిసెంబరు అంటే ఇన్నాళ్లు ఎందుకు రాలేదంటారు. ఆసుపత్రి ఎందుకంటారు. ఒక్కటే బిడ్డా అంటారు. హేమ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

తేదీలు ఇవ్వడం నాకు కొత్త కాదు. ప్రతి జూన్‌లో పిల్లలను బడిలో చేర్చుకునేటప్పుడు, "చెనిక్కాయ పీకేటప్పుడు పుట్టినాడు సార్" అంటే, వేరుశనగ పీకే కాలం కాబట్టి నవంబరులో ఒక తేదీ రాస్తాను. "మా లక్ష్మన్న ఎద్దు చచ్చిపోయిన నెల" అంటే, ఆ ఎద్దు ఎప్పుడు చచ్చిందో నలుగురిని అడిగి రాస్తాను. ఊళ్లో సగం మంది పిల్లలకు పుట్టినరోజు ఇచ్చింది నేనే. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

మా అమ్మ వాకిట్లోనే పాపను చేతుల్లోకి తీసుకుంది. "ఏమప్పా, పిల్లికూనంతుండాది!"

"పుట్టి పదైదు దినాలే కదమ్మా" అన్నాను.

ఫిబ్రవరి ఇరవై నుంచి లెక్కపెట్టి ఇరవై ఒకటో రోజున ఊరిని పిలిచి రేఖ అని పేరు పెట్టాం.

పేరు పెట్టినప్పటి నుంచి నాకు కుదురు లేదు. మండల శిక్షణలో ఇచ్చిన కాగితం ఒకటి ఉంది. ఏ నెలలో మెడ నిలపాలి, ఏ నెలలో కూర్చోవాలి, ఎప్పుడు నిలబడాలి అని. దాన్ని బీరువా తలుపు లోపలి వైపు అంటించాను. నిజం వయసుతో చూస్తే రేఖ అన్నిటికీ ఆలస్యమే. బడిలో పిల్లలు అక్షరాలు దిద్దుతుంటే నేను ఇంటర్వెల్ గంట ఎప్పుడు కొట్టాలా అని చూసేవాణ్ణి. గంట కొట్టి ఇంటికి వచ్చి, పాపను గోడకు ఆనించి నిలబెట్టేవాణ్ణి. చెవి వెనక చప్పట్లు కొట్టేవాణ్ణి. ఒకసారి తిరిగేది, ఒకసారి తిరిగేది కాదు. మళ్లీ బడికి పోయేవాణ్ణి. చికిత్సతో పుట్టినందుకేనా అన్న ప్రశ్న నాతోనే వచ్చి తరగతిలో కూర్చునేది.

"నువ్వూ మూడేండ్ల దాకా నోరు తెరవల్యా" అనేది మా అమ్మ. "ఇప్పుడు జీతం తీసుకొని మరీ మాట్లాడతాండావు."

అంగన్‌వాడీ టీచరు సారా నెలకోసారి పాపను తూకం వేసి కార్డులో గుర్తు పెట్టేది. రెండువేల మూడు మే నెలలో కార్డు నా ముందు పెట్టింది.

"ఏం సారూ, మొగం అట్ల పెట్టుకున్నారు? పదైదు నెలల బిడ్డ, పట్టుకొని నిలబడతాండాది. ఇంగ రెండు నెలలైతే మిమ్మల్నే ఉరికిస్తాది."

"ఒక్క మాట కూడా రాలేదు కదా సారా."

"మీరు మాట్లాడితే కదా అది మాట్లాడేది! మీ ఇంటికొస్తే గడియారం సప్పుడు తప్ప ఇంగేం ఇనపడదు."

పదైదు కాదు, పదిహేడు నెలలని ఆమెకు చెప్పలేకపోయాను. మరుసటి వారం హేమనూ పాపనూ తీసుకొని అనంతపురంలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పోయాను.

"పాప పుట్టిన తేదీ?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఫిబ్రవరి ఇరవై" అన్నాను, అలవాటుగా.

"కాదు" అంది హేమ. "డిసెంబరు పదకొండు. ఇద్దరు పుట్టినారు."

పదిహేడు నెలల్లో ఆ మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి. సంచిలోంచి బెంగళూరు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. తెచ్చిందని నాకు తెలియదు. ఇద్దరివీ ఉన్నాయి.

డాక్టరమ్మ అన్నీ చదివింది. పాపను నేల మీద దింపి, డబ్బాలో గవ్వలు వేసి ఆడించింది, పేరు పెట్టి పిలిచింది.

"పది వారాలు ముందు పుట్టింది మాస్టారూ. రెండేళ్లు నిండేదాకా ఈ పాప వయసు కాన్పు కావలసిన తేదీ నుంచే చూడాలి. అక్కడ మీకు చెప్పలేదా?"

చెప్పే ఉంటారు. ఆ రోజుల్లో ఎవరు ఏం చెప్పినా నేను తల ఊపాను.

"ఆ తేదీ ప్రకారం పదిహేను నెలలు. ఇప్పటికి నాకు భయపడేది కనిపించలేదు. వినికిడి పరీక్ష చేయిద్దాం."

అడగలేక అడిగాను. "చికిత్సతో పుట్టిన పిల్ల గదా, అందువల్ల ఏమన్నా..."

"కడుపులో ఎట్లా పడిందన్నది కాదు, ఎంత ముందు పుట్టిందన్నది నేను చూసేది. నెలలు నిండని కవల. అందుకని కనిపెట్టుకొని ఉండాలి. సరే, ఇంట్లో పాపతో ఎక్కువ మాట్లాడేది ఎవరు?"

నేను హేమ వైపు చూశాను. హేమ నా వైపు చూసింది.

ఊరికి చెప్పిన అబద్ధమే సరైన వయసు చూపింది. సారా కార్డు ఒప్పు, నా బీరువా తలుపు తప్పు. పరీక్షలో వినికిడీ బాగానే ఉందన్నారు. నా మనసు తేలిక కావాలి. కాలేదు. ఫిబ్రవరి ఇరవైన పుట్టింది ఒక్కరే. ఆ లెక్కలో వాడు లేడు.

తిరుగు బస్సులో పాపను కిటికీ దగ్గర కూర్చోబెట్టుకొని మాట్లాడడం మొదలుపెట్టాను. అది గుట్ట. అవి గొర్రెలు. అది చేను, వాన పడితే చెనిక్కాయ విత్తుతారు. రెండు మైళ్లకే మాటలు అయిపోయాయి. అప్పుడు హేమ అందుకుంది.

"చూడు రేఖా, ఆ రెండు గొర్రెపిల్లలు. తెల్లది నీది. నల్లది మీ..." అక్కడ ఆగిపోయింది. మిగతా దారి అంతా పాప కిటికీ చువ్వను నాకుతూ కూర్చుంది.

జులైలో నడిచింది. ఇంకో నాలుగు నెలలకు అంగన్‌వాడీలో, కనబడకుండా పోయిన బంతి కోసం సారా చీర పట్టుకొని "యాడ?" అందట. సారా ఎత్తుకొని మా ఇంటిదాకా పరుగెత్తుకొచ్చింది. "సారూ, మాట్లాడింది! మీలాగ నీళ్లు నమల్లేదు, నన్నే దబాయించి అడిగింది!" చాలా రోజులు అది ఆ ఒక్క మాటే అన్నిటికీ వాడింది. అన్నం గిన్నె చూపి యాడ. చందమామ లేకపోతే యాడ. ఆ మాట విన్నప్పుడల్లా హేమ ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయేది.

ఇప్పుడు రెండువేల ఏడు జూన్. రేఖ నోరు మూయదు. ఈ ఏడు ఒకటో తరగతిలో చేర్చుకోవాల్సిన వాళ్లు పద్నాలుగు మంది, అందులో రేఖ ఒకతె. మొన్న సాయంత్రం రిజిస్టరు ఇంటికి తెచ్చి రాస్తుంటే మోకాలి మీద ఎక్కి కూర్చుంది.

"నాయనా, నేను యాపొద్దు పుట్టినా? సారా టీచరేమో ఫిబ్రవరి అంటాండాది. అమ్మేమో క్రిస్మస్ ముందర అంటాండాది. చాక్లెట్లు ఎప్పుడు పంచల్ల నేను?"

"ఆడుకో పో" అన్నాను.

అది పోయాక హేమ వచ్చి రిజిస్టరు ముందు నిలబడింది.

"డాక్టరమ్మ చెప్పిన రెండేండ్లు ఎప్పుడో అయిపాయ. ఇంగ నిజం తేదీ రాయండి."

"రాస్తే అడుగుతారు."

"అడగనీ. వానికి పేరు ల్యా, ఫోటో ల్యా. చెల్లెలితో కలిసి పుట్టిన దినం ఒక్కటి ఉండాది. అది గూడా మీ పెన్నుతో కొట్టేస్తారా?"

వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న మా అమ్మ తలెత్తింది. "ఎవురి దినం మ్మేయ్? ఎవురికి పేరు ల్యా?"

హేమ నా వైపు చూసింది. నేను చెప్పాలని ఆగింది.

"ఏం లేదమ్మా, బడి సంగతి" అన్నాను.

హేమ పళ్లెం తీసుకొని పోయి మా అమ్మ పక్కన కూర్చుంది. అప్పటి నుంచి నాతో మాట్లాడలేదు.

రెండు తేదీల్లో ఏది రాసినా బడి వయసు సరిపోతుంది. అందుకని ఆ వంక కూడా నాకు లేదు. శనివారం లోపల రిజిస్టరు మండల ఆఫీసుకు చూపించాలి. యేసన్న కొడుకు మొదలుకొని పదముగ్గురి తేదీలూ రాశాను. నాలుగుసార్లు పెన్ను మూత తీసి, నాలుగుసార్లు పెట్టాను. మా అమ్మకు ఇంకా చెప్పలేదు. రేఖ పేరు ఎదురుగా పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉంది.